పిల్లలున్నారు, బెంచీలే లేవు

మా ల్యాబ్‌లో నైట్ షిఫ్ట్ నడుస్తోందంటే ఫిలిప్పీన్స్ పుణ్యమే. డాలస్ చుట్టుపక్కల ఓ మోస్తరు ఆసుపత్రి మాది. రాత్రి పదకొండు దాటాక హెమటాలజీ, కెమిస్ట్రీ, బ్లడ్‌బ్యాంకు అన్నీ చూసుకునే నలుగురిలో ముగ్గురు మనీలా వైపు వాళ్లు, నాలుగో మనిషిని నేను. ఇక్కడే పుట్టి పెరిగిన ల్యాబ్ టెక్నాలజిస్టుల్లో చాలామంది రిటైర్‌మెంట్‌కి దగ్గరపడ్డారు, పగటి షిఫ్ట్ వదలరు.

ఫిలిప్పీన్స్‌లో ఈ మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ (ఎంఎల్‌టీ) చదువుకి 1969లోనే చట్టం చేశారు. నాలుగేళ్ల డిగ్రీ, అందులోనే ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్, ఆఖర్న బోర్డు పరీక్ష. మన దగ్గర ఇంటర్ ఒకేషనల్ ఎంఎల్‌టీ, డిప్లొమా (డీఎంఎల్‌టీ), బీఎస్సీ ఎంఎల్‌టీ... ఎవరి దారి వారిది, ఉద్యోగంలో చేరాక అందరిదీ ఇంచుమించు ఒకే పని. ఇలాంటి కోర్సులకి దేశమంతటికీ కలిపి ఒక చట్టం 2021లో గానీ రాలేదు.

మరి అమెరికాలో ల్యాబ్ మనుషులకి ఈ కొరతేంటి? ఈ చదువుకి పిల్లలు రావడం లేదంటారు మేనేజర్లు. నేను నమ్మను. ఒకప్పుడు ఇక్కడి ఆసుపత్రులే సొంతంగా ల్యాబ్ స్కూళ్లు నడిపేవి. 1983లో మెడికేర్, అంటే ముఖ్యంగా పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా, లెక్క మార్చింది. అడ్మిట్ అయిన పేషెంటుకి అయిన ఖర్చును బట్టి చెల్లించడం మానేసి, జబ్బును బట్టి ఇంత అని ఒకే మొత్తం కట్టడం మొదలుపెట్టింది. అప్పటిదాకా రాబడి తెచ్చిన ల్యాబ్ కాస్తా ఖర్చు పద్దులోకి పోయింది. కోత పెట్టాలంటే ముందు కంటికి ఆనేది స్కూలే. అలా వరసగా మూతబడ్డాయి. మిగిలినవి ఎక్కువగా యూనివర్సిటీ కోర్సులు. వాటిలోనూ పాఠాలయ్యాక ఆసుపత్రి ల్యాబ్‌లో నెలల తరబడి నిలబడి పని నేర్చుకోవాలి. అక్కడే చిక్కు. ఒక్కో ఆసుపత్రి ఇద్దరు ముగ్గురిని తీసుకుంటే గొప్ప. మనుషుల్లేరు కాబట్టి నేర్పే తీరిక లేదు, నేర్పరు కాబట్టి మనుషులు రారు.

తీరిక లేకపోవడమంటే ఎలా ఉంటుందో చెప్తాను. ఒకసారి నైజీరియా వెళ్లొచ్చిన పేషెంటు స్లైడ్ వచ్చింది, జ్వరం. నా దగ్గర రొటేషన్‌లో, అంటే ఆ ల్యాబ్ శిక్షణలో, ఉన్న అమ్మాయి మలేరియాని కంప్యూటర్ తెర మీద తప్ప చూసి ఎరగదు. నేను విశాఖలో పని నేర్చుకునే రోజుల్లో వర్షాకాలం వస్తే పాడేరు వైపు నుంచి వచ్చే జ్వరాల స్లైడ్లే స్లైడ్లు. నూనె చుక్క వేసి, వంద రెట్ల లెన్స్ పెట్టి సీటు ఆమెకిచ్చాను. కాసేపటికి "దొరికింది" అంది. చూస్తే ఎర్రకణం మీద కూర్చున్న ప్లేట్‌లెట్. "ఫోకస్ పైకీ కిందకీ తిప్పు. ప్లేట్‌లెట్ అయితే కణం కంటే పైన తేలుతుంది, చుట్టూ తెల్లటి అంచు కనిపిస్తుంది" అన్నాను. ఈలోగా గుండెపోటు తేల్చే ట్రోపోనిన్ రిపోర్టు ఏదంటూ ఎమర్జెన్సీ నుంచి ఫోను, వెనక ఎనలైజర్ అలారం. ఆమె మాత్రం కదల్లేదు. ఆఖరికి కణం అంచుకి అంటుకున్న సన్నటి ఉంగరాన్ని తనే పట్టుకుంది, రెండు చుక్కలతో హెడ్‌ఫోన్ లాంటిది. ఫాల్సిపారం, మలేరియాల్లో ప్రమాదకరమైన రకం. నేనొక్కదాన్నే చూసుకుంటే ఐదు నిమిషాల పని. ఆ రోజు అరగంట పైనే పట్టింది. ఆ అరగంటకి బడ్జెట్‌లో పద్దు ఉండదు.

ఇక ఆదివారం గుడి దగ్గర నాకు తప్పని ప్రశ్న ఒకటుంది. "అక్కా, మా తోడికోడలు ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, గ్రీన్‌కార్డు ఉంది. మీ ల్యాబ్‌లో ఏమైనా వస్తుందా?" టెక్సస్‌లో రాష్ట్ర లైసెన్సు అక్కర్లేదు, కాలిఫోర్నియా, న్యూయార్క్ అయితే తప్పదు. కానీ ఇక్కడా చాలా ఆసుపత్రులు ఏఎస్‌సీపీ (అమెరికా క్లినికల్ పాథాలజీ సంఘం) సర్టిఫికెట్ అడుగుతాయి. పరీక్ష మరీ భయపడాల్సింది కాదు. వంద ప్రశ్నలు, రెండున్నర గంటలు, 999 దాకా ఉండే స్కోరులో 400 వస్తే పాస్. టెన్షనంతా దానికి కూర్చునే అర్హత సంపాదించడంలోనే. గుర్తింపు ఉన్న కోర్సు చేసి ఉండాలి, లేదా రోగుల శాంపిళ్ల మీద పనిచేసిన అనుభవం చూపాలి. కాలేజీ ప్రాక్టికల్స్ దానికి పనికిరావు. మైక్రోబయాలజీ ఒక్కదానికే విడిగా పరీక్ష రాయొచ్చు గానీ, దానికీ క్లినికల్ ల్యాబ్‌లో ఏడాది అనుభవం కావాలి. సర్టిఫికెట్ లేనివాళ్లకి ఆ అనుభవం ఎవరిస్తారు?

అలా అడిగినవాళ్లలో ఒకావిడ మాత్రం పట్టు వదల్లేదు. ఇండియా మార్కుల జాబితాలు (ట్రాన్‌స్క్రిప్టులు) ఇక్కడి చదువుతో పోల్చే ఎవాల్యుయేషన్‌కి పంపితే కెమిస్ట్రీ క్రెడిట్లు తగ్గాయన్నారు. కమ్యూనిటీ కాలేజీలో చేరి, ఇద్దరు పిల్లల్ని స్కూల్లో దింపి మరీ పూర్తి చేసింది. ఇప్పుడు డిగ్రీ ఉన్నవాళ్లకి పెట్టే ఏడాది కోర్సుకి అప్లికేషన్ పెట్టింది. ఆ కాలేజీ వాళ్లు రొటేషన్ సీట్ల కోసం మా ఆసుపత్రినీ అడిగారు. వచ్చే ఏడాది ఇద్దరికి మించి తీసుకోలేమని మా మేనేజర్ చెప్పేశాడు. ఆయన గది తలుపు మీద మూడు ఖాళీల నోటీసు అంటించే ఉంది.