పదో వచనాన్ని కూడా పిల్లలకు చదివి వినిపిద్దాం

డిసెంబరు 31 రాత్రి ఆరాధన ముగిశాక, ఒక్కో బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డులు పంచడం చెన్నైలోని మన తెలుగు క్రైస్తవ సంఘాల్లోనూ ఆనవాయితీ. పళ్లెంలో బోర్లించిన కార్డుల్లోంచి ఒకటి తీసుకుని, కూడబలుక్కుంటూ చదివి, అర్థం కాని మాట దగ్గర అమ్మ ముఖం చూసే పిల్లలు మా సంఘంలో ఎందరో ఉన్నారు. ఆ కార్డుల మీదా, మన ఇళ్లలోని వాక్య క్యాలెండర్ల మీదా తరచుగా కనిపించేది యిర్మీయా గ్రంథం 29వ అధ్యాయం 11వ వచనం. దేవుని ఉద్దేశాలు మనకు సమాధానం, అంటే శాంతి, కలిగించేవే గాని హాని చేసేవి కావన్న ఆ మాట కష్టకాలంలో మా కుటుంబాన్ని నిలబెట్టింది. అయితే పదో వచనం తోడు లేకపోతే, పదకొండో వచనం మా పిల్లల మనసులో అంతకాలం నిలిచి ఉండేది కాదని నా నమ్మకం.

ఆ అధ్యాయం ఒక ఉత్తరం. బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోయిన కుటుంబాలకు యిర్మీయా ప్రవక్త దాన్ని రాసి పంపాడు. రెండేళ్లలో అంతా మునుపటిలా అవుతుందని హనన్యా అనే ప్రవక్త ఆ కాలంలో జనానికి చెప్పాడు. యిర్మీయా మాత్రం డెబ్బై ఏళ్లు పడుతుందని రాశాడు, పదో వచనం అదే. ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి, దాని క్షేమంలోనే మీ క్షేమం ఉందని చెప్పాడు. మేము బతుకుతెరువు వెతుక్కుంటూ మా ఇష్టంతోనే గుంటూరు జిల్లా నుంచి వచ్చినవాళ్లం కాబట్టి చెరలోని వారి దుఃఖంతో మా కష్టాన్ని పోల్చను. అయినా పరాయి ఊళ్లో పిల్లలను పెంచే తల్లిదండ్రులకు అంతకంటే దగ్గరగా మాట్లాడే అధ్యాయం నాకు బైబిలులో మరొకటి కనిపించలేదు.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగినప్పుడు మేము సైదాపేటలో కింది వాటాలో అద్దెకు ఉండేవాళ్లం. గడప దాటిన నీళ్లు చూస్తుండగానే మంచం ఎత్తుకు వచ్చేశాయి. పై వాటాలో ఉండే తమిళ బామ్మ, మేము పాట్టి అని పిలిచే ఆవిడ, మెట్ల మీద నిలబడి "మేలే వాంగమ్మా" (పైకి రండమ్మా) అని కేకవేసి, ముందు పిల్లలిద్దరినీ పైకి లాక్కుంది. కరెంటు లేని ఆ రోజుల్లో తన ఇంట్లో ఉన్న బియ్యమే మా అందరికీ వండిపెట్టింది. నీళ్లు తీశాక బురదలో దొరికిన మా అత్తగారి బైబిలును ఆవిడే శుభ్రంగా తుడిచి, పుట పుటకూ మధ్య పాత వార్తాపత్రిక ముక్కలు పెట్టి, రోజూ ఆ కాగితాలు మారుస్తూ ఆరబెట్టింది. ఆవిడ పూజగదిలో మురుగన్ పటం ఉంటుంది. పట్టణం క్షేమమే మన క్షేమమన్న మాటకు అర్థం ఏమిటో నేను పిల్లలకు వేరే చెప్పవలసిన అవసరం రాలేదు.

అసలు కష్టం ఆ తరువాత మొదలైంది. మావారి జిరాక్స్, బైండింగ్ షాపులోని యంత్రాలన్నీ పాడైపోయాయి, వాటి మీద తీసుకున్న అప్పు మాత్రం అలాగే ఉంది. ఊరి నుంచి ఫోన్ చేసిన బంధువులందరూ "వచ్చే నెలకల్లా దేవుడు అన్నీ సర్దుబాటు చేస్తాడు" అని ప్రేమతోనే అన్నారు. నెలలు గడిచాయి గాని ఏదీ సర్దుకోలేదు. ఒక రాత్రి కుటుంబ ప్రార్థనలో మా అమ్మాయి, "అమ్మా, మనం రోజూ ప్రార్థన చేస్తూనే ఉన్నాం కదా, మరి దేవుడు మాట తప్పాడా?" అని అడిగింది. అలా అడగకూడదని వాళ్ల నాన్న ఆమెను మందలించలేదు. పదమూడో కీర్తన తీసి, ఎంతకాలం నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీసిన మాటలు ఆమె చేతనే చదివించారు. ఆ తరువాత యిర్మీయా ఉత్తరం మొదటి నుంచీ చదివాం. వచ్చే నెల అన్నది మనుషులు పెట్టిన గడువనీ, అది తప్పితే దేవుడు మాట తప్పినట్టు కాదనీ ఆమెకు అర్థమైంది. తొందరపడి మనం ఇచ్చే ధైర్యవచనం నెరవేరనప్పుడు పిల్లలు మనల్ని తప్పుపట్టరు, దేవుణ్ణే అనుమానిస్తారు. అందుకే ఈ విషయాన్ని ఇంత గట్టిగా చెబుతున్నాను.

చెన్నైలో పెరిగే పిల్లల గురించి మన వాళ్లు పడే బెంగ మరొకటి ఉంది. బడిలో తమిళం, ఇంట్లో తెలుగు, ఫోన్లో ఇంగ్లీషు అయిపోయాక వీళ్లు ఏ భాషలో ప్రార్థిస్తారని మా అత్తగారు దిగులు పడేవారు. బబులోనుకు చెరపట్టబడిన దానియేలు చిన్నవయసులోనే కల్దీయుల, అంటే బబులోనువారి, భాష, విద్య నేర్చుకున్నాడు, వాళ్ల రాజుల కొలువులోనే ముసలివాడయ్యాడు. అయినా యెరూషలేము వైపు కిటికీ తెరిచి రోజుకు మూడుసార్లు ప్రార్థించడం మానలేదు. దానియేలు గ్రంథం తొమ్మిదో అధ్యాయంలో అతడు యిర్మీయా చెప్పిన ఆ డెబ్బై ఏళ్ల మాటనే చదివి, ఉపవాసంతో ప్రార్థనకు కూర్చుంటాడు. ఒక తరం వారికి చెప్పిన మాట అంతకాలం తరువాత కూడా పరాయి దేశంలో చెక్కుచెదరకుండా ఉండడం కంటే దేవుని నమ్మకత్వానికి పెద్ద సాక్ష్యం ఏముంటుంది? మా అబ్బాయి తెలుగులో మొదలుపెట్టి తమిళంలో ముగించే ప్రార్థన వింటే నాకిప్పుడు ఏ బెంగా లేదు.

ఆ అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. ఆ సంగతి పిల్లలకు తెలుసు, నెల నెలా ఎంత కడుతున్నామో కూడా తెలుసు. అక్టోబరులో ఈశాన్య ఋతుపవనాలు మొదలయ్యే నాటికి మా కుటుంబ ప్రార్థనలో అడయారు గట్టున నివసించేవారందరి కోసం ప్రార్థిస్తాం. అందులో పాట్టి పేరు మా అమ్మాయే ముందు చెబుతుంది.