రణథంబోర్ వెళ్ళేవాళ్ళు టికెట్‌లో పేరు చూసుకోండి: నా అనుభవం

నిన్న రాత్రే ఇంటికి చేరాం. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. రాజస్థాన్‌లోని రణథంబోర్ పులుల అడవికి నేను, మా ఆయన, బాబు, అమ్మ వెళ్ళాం. జైపూర్ దాకా విమానం, అక్కణ్ణుంచి సవాయ్ మాధోపూర్‌కి రైలు, స్టేషన్ నుంచి హోటల్‌కి ఆటో. అంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

అసలు బాధంతా సఫారీ టికెట్‌తోనే. ఆరుగురు కూర్చునే జిప్సీ, ఇరవై మంది పట్టే కాంటర్ అని రెండు రకాల బండ్లుంటాయి, అడవిని పది జోన్లుగా విడగొట్టారు. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మనమే బుక్ చేసుకోవచ్చు గానీ చలికాలం సెలవుల్లో జిప్సీ సీట్లు చాలా ముందే అయిపోతాయి. మాకు దొరకలేదు. ఒక ఏజెంట్ మూడో జోన్ జిప్సీ ఇప్పిస్తానని అసలు ధర మీద బాగా ఎక్కువ తీసుకున్నాడు. అడిగిన వెంటనే అందరి ఆధార్ కాపీలూ వాట్సాప్‌లో పంపాం.

పొద్దున్నే, ఇంకా చీకటిగా ఉండగానే జిప్సీ వచ్చింది. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. అందరం ఎక్కి కూర్చున్నాక గైడ్ టార్చి వేసి ఒక్కొక్కరి కార్డూ టికెట్‌తో పోల్చి చూస్తూ అమ్మ దగ్గర ఆగిపోయాడు. ఆధార్‌లో అమ్మ పేరు మన పద్ధతిలో ముందు ఇంటిపేరు, తర్వాత పూర్తి పేరు ఉంటుంది. ఏజెంట్ టికెట్‌లో కొట్టింది మాత్రం "లక్ష్మి" అని ఒక్క ముక్క. "ఈవిడ వేరే మనిషి, దింపేయండి" అన్నాడు గైడ్. మా బండిలోనే ఉన్న ఇంకో జంట వాచీలు చూసుకుంటున్నారు. అమ్మ ఏమీ అనకుండా శాలువా కప్పుకుని దిగి రోడ్డు మీద నిలబడింది. ముప్పై ఏళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి, దొంగ టికెట్ మీద వచ్చినదానిలా అందరి ముందూ అలా నిలబడితే నాకు ఏడుపు ఆగలేదు. "నేను రూముకి వెళ్ళిపోతానే, పిల్లాడి కోసం మీరు వెళ్ళి రండి" అంటోంది.

ఏజెంట్‌కి ఫోన్ చేస్తే పేరు మార్చాలంటే మళ్ళీ డబ్బు కట్టాలన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "పెద్దావిడకి పులులెందుకు మేడమ్, హోటల్లో రెస్ట్ తీసుకోమనండి" అన్నాడు. ఆ మాట నేను జన్మలో మర్చిపోను. మా ఆయన ఫోన్ లాక్కుని ఏదో అంటున్నారు, గైడ్ టైమైపోతోందని తొందరపెడుతున్నాడు, బాబు అమ్మమ్మ లేకపోతే నేనూ రానని కిందికి దూకేశాడు.

చివరికి దారి చూపించింది అమ్మే. "టికెట్‌లో ఆధార్ నంబరు కూడా ఉందిగా, పేరు వదిలేసి అది చూడమను" అని తన నంబరు మొత్తం గడగడా అప్పజెప్పింది. గైడ్ ఒక్కో అంకే సరిచూసుకుని, ఎవరికో ఫోన్ చేసి మాట్లాడి, ఎక్కమన్నాడు. సారీ అన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు. ఇంటిపేరు చివర రాసుకునేవాళ్ళకి ఒక పద్ధతి ఉన్నట్టే ముందు రాసుకునే మనకీ ఒక పద్ధతి ఉంది. దేశమంతటి నుంచీ జనం వచ్చే చోట పనిచేసేవాళ్ళకి ఆ సంగతి తెలిసి ఉండాలి. మీరు మాత్రం ఏజెంట్‌ని నమ్మకండి, ఆధార్‌లో ఎలా ఉంటే అక్షరం పొల్లుపోకుండా అలాగే మీరే కొట్టండి.

సఫారీ బాగా జరిగింది. పదమ్ తలావ్ అనే చెరువులో మొసళ్ళు, నీళ్ళలో దిగి మేస్తున్న సాంబర్ దుప్పులు కనిపించాయి. రాజ్‌బాగ్ చెరువు దగ్గరి శిథిలాల వెనక నుంచి ఒక ఆడపులి నడుచుకుంటూ వెళ్ళింది. 2016లో చనిపోయిన మచ్లీ అనే పేరుమోసిన పులి ఈ చెరువుల దగ్గరే తిరిగేదట.

మధ్యాహ్నం అడవిలోనే కొండ మీదున్న రణథంబోర్ కోటకి వెళ్ళాం. దీనికి సఫారీ టికెట్ అక్కర్లేదు, జీపులో కొండ కింద దిగి మెట్లెక్కడమే. మోకాళ్ళ నొప్పులున్న మా అమ్మ నౌలఖా దర్వాజా, హాథీ పోల్ అనే కోట ద్వారాలు దాటుకుంటూ పై దాకా ఎక్కింది, మా ఆయన కంటే ముందే! కూలిన గోడల మధ్య కూర్చుని మనవడికి కథంతా చెప్పింది. అల్లావుద్దీన్ ఖిల్జీ సైన్యం మీద తిరగబడిన మంగోలులకి ఈ కోట రాజు హమ్మీర్ దేవ్ ఆశ్రయం ఇచ్చాడని ఖిల్జీ ముట్టడి వేసి 1301లో ఈ కోట పట్టుకున్నాడట. కొన్నేళ్ళకి మన ఓరుగల్లు మీదికి తన సేనాపతి మాలిక్ కాఫర్‌ని పంపింది కూడా ఆ ఖిల్జీయే. 1569లో అక్బర్ కూడా ఈ కోటని ముట్టడించే గెలిచాడు. ముప్పై రెండు స్తంభాల ఛత్రి (గోపురం ఉన్న మండపం) దగ్గర నిలబడితే కింద అడవి ఎంత దూరమో కనిపిస్తుంది, అది చూడకుండా రావద్దు. పైన త్రినేత్ర గణపతి గుడి ఉంది, ఎక్కడెక్కడి వాళ్ళో తొలి శుభలేఖ ఆ స్వామికి పోస్టులో పంపుతారు. బుధవారం జనం విపరీతంగా ఉంటారు, వేరే రోజు చూసుకోండి. కొండముచ్చులు చేతిలో సంచీ లాగేస్తాయి, తినేవి పైకి తీసుకెళ్ళకండి.

ఇంకో మాట, ఇది పిల్లలున్నవాళ్ళకి ముఖ్యం. 2025 ఏప్రిల్లో ఆ గుడి నుంచి వచ్చే దారిలోనే ఒక ఏడేళ్ళ పిల్లాణ్ణి పులి చంపేసింది. కోట కూడా అడవిలో భాగమే. పిల్లల చెయ్యి వదలకండి, ఆ దారిలో నడవకుండా జీపులోనే వెళ్ళండి, చీకటి పడకముందే కిందికి దిగిపోండి. ఏజెంట్‌కి ఎక్కువ ఇచ్చిన డబ్బు వెనక్కి ఇమ్మని ఈ పొద్దున మెసేజ్ పెట్టాను, చూశాడు, జవాబు లేదు. సాయంత్రం మళ్ళీ ఫోన్ చేస్తాను.