స్టుట్‌గార్ట్‌లో అడ్రస్ నమోదు: నా అనుభవం

జర్మనీలో కొత్త ఇంట్లో చేరితే రెండు వారాల్లోగా ఆ అడ్రసును ఆ ఊరి మునిసిపల్ ఆఫీసులో నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. అందుకు ఇంటి ఓనరు సంతకం పెట్టిన కాగితం ఒకటి కావాలి. దాని పేరు వోనుంగ్స్‌గేబర్‌బెష్టేటిగుంగ్ (మా ఇంటిపేరే పొడుగనుకునేవాణ్ని).

స్టుట్‌గార్ట్‌లో నాకు గది ఇచ్చినాయన "అవన్నీ నావల్ల కాదు" అనేశాడు. ముందొచ్చిన మన తెలుగువాళ్లను అడిగితే "గొడవెందుకు, ఇంకో గది చూసుకో" అన్నారు. వాళ్లను తప్పుపట్టను. బియ్యం, పచ్చిమిర్చి ఎక్కడ దొరుకుతాయో చెప్పింది వాళ్లే, మొదటి రోజుల్లో అన్నం పెట్టిందీ వాళ్లే. కానీ ఓనరుతో తగువంటే వాళ్లకూ భయమే.

ఆఫీసులో నా పక్క సీటు జర్మన్ అతను భోజనాల దగ్గర ఈ సంగతి విని, అక్కడికక్కడే ఓనరుకు ఫోన్ చేశాడు. గొంతు పెంచలేదు. 2015 నవంబరు నుంచి ఆ కాగితం ఇవ్వడం ఓనరు బాధ్యతని చట్టంలో ఉందని గుర్తు చేశాడంతే. మర్నాడే కాగితం చేతికొచ్చింది. అదే మాట నా వచ్చీరాని జర్మన్‌లో నేను చెబితే వినేవాడా? అనుమానమే.

నమోదు తేలిగ్గానే అయిపోయింది. అసలు టెన్షన్ ఆ తర్వాత. 11 అంకెల ట్యాక్స్ నంబరు పోస్టులో రావాలి. అది అందకపోతే జీతంలో పన్ను కోత ఎక్కువ పడొచ్చు. కింది వాటాలో ఉండే పెద్దావిడ ఒకరోజు మెట్ల దగ్గర నన్ను ఆపి పోస్టు డబ్బా చూపించింది. దాని మీద నా పేరు లేదు. ఇక్కడ అడ్రసులో ఫ్లాట్ నంబరు రాయడం తక్కువ, పోస్ట్‌మ్యాన్ డబ్బా మీద పేరు చూసే వేస్తాడు. పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. ఆవిడే చీటీ రాసి అంటించింది. ట్యాక్స్ నంబరు ఆ డబ్బాలోకే వచ్చింది.

కేర్‌వోఖె గురించీ ఆవిడే చెప్పింది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లలో వాటాలవాళ్లు వారానికొకరు వంతులవారీగా మెట్లు ఊడ్చి తుడుస్తారు. వంతు ఎవరిదైతే వాళ్ల తలుపుకు చిన్న బోర్డు వేలాడుతుంది. రాత్రి పది దాటాక మిక్సీ వేయొద్దనీ, ఆదివారం ఖాళీ గాజు సీసాలు వీధిలో వాటికోసం పెట్టిన డబ్బాలో పడేయొద్దనీ చెప్పింది. నాకు మొదట ఇదంతా చాదస్తంలా అనిపించింది. నా వంతు వచ్చినప్పుడు మూలల్లో దుమ్ముందని మళ్లీ ఊడిపించింది కూడా.

కొత్తగా వచ్చేవాళ్లు అడ్వాన్సు కట్టకముందే ఓనరు ఆ కాగితం ఇస్తాడో లేదో మెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.