పేరు పెట్టని తుపానులో నాలుగు రోజులు

2016 డిసెంబర్. నోట్ల రద్దు జరిగి నెల తిరగలేదు. ఊళ్లో ఏటీఎం దగ్గర క్యూలు పెట్టుకుని ఈ టైములో అండమాన్ ఏంట్రా అని ఇంట్లో అందరూ మొత్తుకున్నారు, కానీ టికెట్లు సెప్టెంబర్‌లోనే తీసేశాం, క్యాన్సిల్ చేస్తే పైసా వెనక్కి రాదు. నలుగురం, అందరం వైజాగ్ వాళ్లమే. నేను, పెద్దోడు, చంటి, ఇంకా కాలేజీ రోజుల నుంచి మేమందరం బావ అని పిలిచే మా బావ. తలా ఒక బ్యాగు వీపున తగిలించుకుని హావ్‌లాక్ దీవిలో దిగాం. అప్పటికి దాని పేరు అదే, స్వరాజ్ ద్వీప్ అని మార్చింది 2018లో.

మొదటి రెండు రోజుల గురించి చెప్పడానికి పెద్దగా లేదు, అంత బాగా గడిచాయి. రాధానగర్ బీచ్‌లో సాయంత్రం 5 కల్లా సూర్యుడు దిగిపోతుంటే ఆశ్చర్యంగా చూశాం. అంత తూర్పున ఉన్నా గడియారం మాత్రం మనదే కదా.

మూడో రోజు, అంటే సోమవారం, చంటి కాలు కోసుకుంది. విజయనగర్ బీచ్‌లో పోటు తగ్గి నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడు చచ్చిన పగడపు రాళ్లు బయటపడతాయి, వాడు చెప్పుల్లేకుండా వాటి మీద నడిచాడు. చూస్తే చిన్న గీత, రక్తం కూడా పెద్దగా లేదు. మంచినీళ్లతో కడిగి బ్యాండేజ్ వేసేశాం, అక్కడే తప్పు చేశాం. మర్నాటికి పాదం ఉబ్బింది, ఒళ్లు కాలిపోతోంది. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో డాక్టర్ గారు లైట్ పెట్టి చూసి, గాయంలోంచి ఫోర్సెప్స్‌తో తెల్లటి పలుకులు తీశారు, ఉప్పు రవ్వంత ఉన్నాయి ఒక్కొక్కటీ. పగడం ముక్క లోపల ఉండిపోతే పైన మానినట్టే కనిపించి లోపల చీము పడుతుందట. బాగా రుద్ది కడగాలి, ఎంత మంట పుట్టినా సరే. టీటీ ఇంజక్షన్ చేసి, యాంటీబయాటిక్స్ ఇచ్చి, తడి తగలనివ్వొద్దు అన్నారు. బయట చూస్తే కుండపోత.

తుపాన్లు మాకు కొత్తవి కావు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా ఊరి మీద నుంచే పోయింది, కిటికీ అద్దాలు పగిలిపోతుంటే మంచం అడ్డం పెట్టుకుని కూర్చున్నవాళ్లం. ఆ హుద్‌హుద్ కూడా మా దాకా రాకముందు, 8వ తేదీన, అండమాన్‌లోని లాంగ్ ఐలాండ్ మీదుగానే వెళ్లింది. కానీ మన తీరానికి వచ్చేసరికి తుపానుకి ఒక పేరుంటుంది, టీవీలో గంటగంటకీ ఎక్కడుందో చూపిస్తారు, ఎప్పుడు దాటుతుందో చెప్తారు. మేమున్న చోట అది ఇంకా పుడుతోంది. సోమవారం రాత్రి ఉత్త వాన, మంగళవారం వాయుగుండం అన్నారు, వర్దా అనే పేరు గురువారానికి గానీ రాలేదు, అప్పటికే మేం మూడు రోజులుగా ఇరుక్కుపోయి ఉన్నాం.

ఫెర్రీలు ఆపేశారు. దీవి మీద వెయ్యి మందికి పైగా టూరిస్టులం. అప్పట్లో అండమాన్‌కి నెట్ అంతా శాటిలైట్ మీదే, చెన్నై నుంచి 2,300 కిలోమీటర్ల సముద్రపు కేబుల్ వచ్చింది 2020 ఆగస్టులో. కాబట్టి వాన ముదిరేసరికి నెట్ పోయింది, దాంతో ఏటీఎం పోయింది, కార్డు మిషన్లు పోయాయి. మంగళవారం రాత్రి కొవ్వొత్తి వెలుగులో మంచం మీద దుప్పటి పరిచి నలుగురి జేబులూ దులిపాం. ఒక 2,000 నోటు, మిగతావి వందలు, పదులు, మొత్తం 3,870 రూపాయలు. నోట్లు తడిసి ఒకదానికొకటి అంటుకుపోతే చంటి పడుకునే ఒక్కొక్కటీ విడదీసి దిండు మీద ఆరబెట్టాడు. ఆ 2,000 నోటుకి దీవి మొత్తం మీద చిల్లర ఇచ్చేవాడు లేడు.

గొడవ ఆ రాత్రే అయింది. మంగళవారం పొద్దున్నే, ఫ్లైట్ ఎక్కాల్సిన పోర్ట్ బ్లెయిర్‌కి (2024లో దాని పేరు శ్రీ విజయ పురం అని మార్చారు) వెళ్లిపోదామని నేను ముందే చెప్పాను, పెద్దోడు ఇంకో రోజు ఉందామన్నాడు. నిజానికి పొద్దున్న కూడా బోటు లేదు, అయినా ఇరుక్కుపోయింది నీ వల్లేనని వాడి మీద వేశాను. వాడికి గురువారం ఫ్లైట్ పోతే శుక్రవారం డ్యూటీలో చేరడం కుదరదు, ఆ టెన్షన్‌లో ఉన్నాడు. ఏమీ అనకుండా బయట వరండాలో వానజల్లులో కూర్చున్నాడు. బావ వెళ్లి చాలాసేపు వాడి పక్కన కూర్చుని లోపలికి తీసుకొచ్చాడు. ఆ రాత్రి నేను అన్న మాట ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది.

అండమాన్ వెళ్లేవాళ్లకి నేను గట్టిగా చెప్పేది ఒకటే, రిటర్న్ ఫ్లైట్‌కి ముందు రెండు రాత్రులు పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉండండి. చిన్న దీవులు ముందు చూసేయండి. ఆ రెండు రోజులు వేస్ట్ అనిపిస్తే అనిపించనివ్వండి.

బుధవారం జెట్టీ దగ్గర పెద్దోడూ నేనూ పేర్లు రాయించడానికి నిలబడ్డాం. కెరటాలు జెట్టీ మీదికి ఎక్కి మోకాళ్ల దాకా కొడుతున్నాయి. నేవీ ఓడలు వచ్చాయట, కానీ దగ్గరికి రాలేక దూరంగా ఆగిపోయాయి. మా తెలుగు విని వెనక నుంచి ఒకాయన, "ఏ ఊరు బాబూ మీది?" అన్నాడు. శ్రీకాకుళం జిల్లా కవిటి దగ్గర పల్లె ఆయనది, పదేళ్లుగా అక్కడ చేపల వేటకెళ్తున్నాడు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామందే ఉన్నారని తెలుసుగానీ, ఆ వానలో ఆ యాస వినేసరికి నా గొంతు పట్టేసింది.

"ఇక్కడ తడిసీకండి. గాలి తిరిగితే గానీ బోటు కదల్దు. తిరిగినప్పుడు నాను కబురెడతాను" అన్నాడు.

ఆయన గదిలో ఆ రెండు రోజులూ మాకు అన్నం పెట్టాడు. ఎండుచేపల పులుసు, దొడ్డు బియ్యం. చంటికి జ్వరం కదా అని గంజి విడిగా వార్చేవాడు. మేం డబ్బులివ్వబోతే 2,000 నోటు చూసి నవ్వి, ఎదురు ఆయనే పది వందనోట్లు మా చేతిలో పెట్టాడు, దారిలో ఉంటాయని.

శుక్రవారం పొద్దున్నే కబురొచ్చింది. గాలి తగ్గింది. చంటి కాలికి రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టి రబ్బరు బ్యాండ్లు వేసి, పెద్దోడు వాణ్ణి వీపున ఎక్కించుకున్నాడు, వాడి బ్యాగు నేను ముందు వైపు వేసుకున్నాను. జెట్టీ దాకా దింపమంటే దింపలేదు. పిల్లలనీ ముసలివాళ్లనీ ముందు పంపాక మా వంతు వచ్చింది. బోటు ఎక్కాక వెనక్కి చూస్తే ఆయన తలమీద గోనెపట్టా కప్పుకుని అక్కడే ఉన్నాడు. వర్దా సోమవారం, 12న, చెన్నై దగ్గర తీరం దాటింది, ఆ వార్త ఇంట్లో టీవీలో చూశాను.

సంక్రాంతికి నలుగురం కవిటి వెళ్లాం, ఆయన ఇచ్చిన వెయ్యి తిరిగివ్వడానికి. కొబ్బరి తోటల మధ్య ఇల్లు. వాళ్లమ్మ ఆ కవర్ తీసుకుని విప్పకుండానే గూట్లో పెట్టేసింది. చంటి కాలు చూపించమని, మచ్చ తడిమి చూసి, మమ్మల్ని కూర్చోబెట్టి అడిగింది.

"మా వోడు సన్నబడ్డాడా బాబూ?"