ఇంతేనా?

పొద్దుట్నుంచీ ఈ ఒక్క మాట మూడుసార్లు విన్నాను. పదకొండు దాటింది, అందరూ పడుకున్నారు, నాకే నిద్ర రావట్లేదు.

వదిన హైదరాబాదు నుంచి వచ్చిందని మొన్న రాశాను కదా. ఉన్న ఒక్క ఆదివారం మా విశాఖపట్నం చూపిస్తానని నేనే పట్టుబట్టాను. "బీచీ, కైలాసగిరీ చాల్లే" అన్నారు ఈయన. వినలేదు. ఎవరొచ్చినా సముద్రం దగ్గర నాలుగు ఫొటోలు దిగి, మొక్కజొన్న పొత్తు తిని వెళ్ళిపోతారు. ఈ ఊరికి అంతకు మించి ఏమీ లేదనుకుంటారు. అది నాకు ఎప్పట్నుంచో కష్టంగానే ఉంటుంది.

తెల్లారకుండానే సింహాచలం. కప్పస్తంభాన్ని కౌగిలించుకున్నంతసేపూ బానే ఉంది. లోపలికెళ్ళి స్వామిని చూడగానే, "ఇదేంటి, లింగంలా ఉంది? నరసింహస్వామి ఏరీ? ఇంతేనా?" అంది. ఏడాది పొడుగునా చందనం కింద ఉంటారు వదినా, అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం చూడ్డానికి వీలవుతుంది అని చెప్పాను. 1098 నాటి శాసనం ఉందనీ, 1516లో రాయలవారు వచ్చి కానుకలిచ్చిన కొండ అనీ కూడా చెప్పాను. అప్పటికే చెప్పుల స్టాండు వైపు నడుస్తోంది.

సబ్‌మెరైన్‌లో చిన్నోడి మొహం చూడాల్సింది. 1969 నుంచి 2001 దాకా నిజంగా నీళ్ళలో తిరిగిన కురుసుర ఇదేనంటే వాడికి నోట మాట లేదు. పడుకునే అరల కొలత జానలతో వేశాడు. వాడు అక్కడ ఉన్నంతసేపూ నాకూ సంతోషంగానే ఉంది.

మ్యూజియంలో మాత్రం నాకు బాగా చిర్రెత్తింది. ఆ డచ్చివాళ్ళ బంగళాలో జపాన్ బాంబు ఉంది, పేలనిది. అది చూపించడానికే వాళ్ళని తీసుకెళ్ళాను. 1942 ఏప్రిల్ 6న ఈ ఊరి మీద బాంబులు పడ్డాయి, కాకినాడ మీదా అదే రోజు. బళ్ళో పాఠం చెప్పేదానిలా చెప్పుకుపోతున్నాను. వదిన ఒకసారి చూసి, "గ్యాస్ బండంత ఉంది. ఇంతేనా?" అని బయటికెళ్ళి కూర్చుంది. అప్పట్నుంచి కారులో నేను మాట్లాడలేదు.

సాయంత్రం బురుజుపేట. కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర పైన కప్పుండదు. 1912లో బావిలో దొరికిన తల్లి, ఎడమ చెయ్యి లేదు. అక్కడ ఎవరి పూజ వాళ్ళే చేసుకోవచ్చు, కులమేమిటని అడిగేవాళ్ళు లేరు. "గుడికి కప్పు కూడా వెయ్యలేదా? ఇంతేనా?" అంటుందని ముందే తెలుసు, అలాగే అంది. నేను కొబ్బరికాయ కొట్టించే పనిలో పడ్డాను.

కోటవీధి మీదుగా నడిచి వస్తుంటే మూడు కొండలూ వరసగా కనిపించాయి. ఒకదాని మీద చర్చి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకన్న. ఆ సందుల్లోనే అమ్మమ్మ పుట్టిల్లు. ఇప్పుడక్కడ అపార్టుమెంటు లేచింది. అరుగు ఎక్కడుండేదో కూడా ఆనవాలు పట్టలేకపోయాను.

బాంబులు పడ్డ రోజుకి అమ్మమ్మకి తొమ్మిదేళ్ళు. నేను హైస్కూల్లో ఉండగా చెప్పింది, చింతపండు గింజలు తీస్తూ. "పొయ్యి మీద ఎసరు మరుగుతంది. మాయమ్మ బియ్యం చేట పట్టుకునుంది. వీధిలో జనం పరిగెడతన్నారని మమ్మల్ని లాక్కుని అలగే పరిగెత్తీసింది." చెయ్యి వదిలితే పిల్లలు తప్పిపోతారని వాళ్ళమ్మ చిన్న తమ్ముణ్ణి చంకనెత్తుకుంది, ఇంకో చేతిలో చేట. ఆ చేట దింపుదామన్న ఆలోచనే రాలేదట. గోపాలపట్నం దాటాక ఎవరో ఇంటి అరుగు మీద కూలబడితే, అప్పుడు చూసుకుంది. చేటలో అంచుకి అంటుకుని గుప్పెడు బియ్యం మిగిలాయి. మిగతావి దారి పొడుగునా రాలిపోయాయి. ఆ గుప్పెడూ కొంగున ముడేసుకుందట. ఇంటికి తిరిగొచ్చేసరికి పొయ్యి మీద గిన్నె అడుగు మాడి నల్లగా ఉంది.

అప్పుడు నేనన్న మాట నాకు బాగా గుర్తుంది. "ఇంతేనా? బాంబు చూడనేలేదా నువ్వు?"

"నేదమ్మా, సూడనేదు" అంది. గింజలు తీసుకుంటూ ఉండిపోయింది. ఆ తరవాత ఎన్నేళ్ళున్నా ఆ రోజు గురించి మళ్ళీ చెప్పలేదు. నేనూ అడగలేదు. ఏ ఇంటి అరుగు మీద కూర్చున్నారో, ఎన్నాళ్ళకి తిరిగొచ్చారో, ఏదీ నా దగ్గర లేదు.

ఇది రాద్దామని కూర్చున్నప్పుడు వదిన మీద కోపంతోనే కూర్చున్నాను. ఊరు తెలియని మనిషి, ఏది చూపించినా పెదవి విరిచింది అని రాద్దామనే. ఇంతదాకా వచ్చాక ఆవిణ్ణి అనడానికి నాకు మనసు రావట్లేదు. బురుజుపేటలో నేను కొబ్బరికాయ గొడవలో ఉండగా, వెనక్కి తిరిగి చూసేసరికి ఆవిడ అమ్మవారి పాదాలకి పసుపు రాస్తోంది. పూజారులెవరూ ఆపరా అన్నట్టు ఒకసారి అటూ ఇటూ చూసి, మళ్ళీ రాసింది. మోచేతుల దాకా పసుపు. కారెక్కాక కూడా తుడుచుకోలేదు. అది చూశాను, చూసీ మూతి ముడుచుకునే కూర్చున్నాను.

రాత్రి అన్నాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే వంటింట్లోకి వచ్చింది. "బాంబు పడ్డప్పుడు మీ అమ్మమ్మ వాళ్ళు ఈ ఊళ్ళోనే ఉన్నారా ఏమ్మా?" అనడిగింది.

"ఉన్నారు. రేపు చెప్తాలే వదినా" అన్నాను, మొహం తిప్పకుండానే. సరేలే అని వెళ్ళి పడుకుంది.

వాళ్ళ రైలు తెల్లవారుజామునే. పులిహోరకి చింతపండు నానేశాను. అలారం మూడున్నరకి పెట్టాను. ఆవిడ కూడా లేస్తే, పోపు వేగేలోపు చేట సంగతి చెప్పేస్తాను.