వంగిన తల, తిప్పిన వెన్ను

తిరుపతిలో పుట్టి పెరిగినవారికి అధికార లాంఛనాల భాషను ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కరలేదు. రాష్ట్రపతో ప్రధానో కొండకు వచ్చినప్పుడు మహాద్వారం దగ్గర ఇస్తికఫాల్ (ఆలయ మర్యాదలతో చేసే) స్వాగతం పలకడం, దర్శనం తరువాత రంగనాయకుల మండపంలో వేదాశీర్వచనం చేసి శేషవస్త్రం కప్పడం, మరునాడు పత్రికలో పడిన ఫోటోలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో మా వీధి పెద్దలు లెక్కలు కట్టడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. అందుకే బ్రిటిష్ రాజుల పర్యటనల గురించి చదివేటప్పుడు కూడా ఎవరేం మాట్లాడారన్న దానికంటే ఎవరు ఎంత వంగారన్నదే నేను ముందు వెతుకుతాను.

2022 దాకా మా తిరుపతి ఉన్న చిత్తూరు జిల్లా ఏర్పడిన 1911లోనే, డిసెంబరు 12న, ఐదవ జార్జి తన పట్టాభిషేకాన్ని చాటే ఢిల్లీ దర్బారును స్వయంగా తీర్చారు. దర్బారుకు హాజరైన బ్రిటిష్ చక్రవర్తి ఆయన ఒక్కరే. ఇంగ్లండు రాజకిరీటం దేశం దాటరాదు గనుక ఈ ఒక్క పర్యటన కోసం వేరే కిరీటం చేయించారు. ఇంత ఆర్భాటం చివర ఆయన చదివింది మాత్రం అచ్చమైన రాజకీయం: రాజధాని కలకత్తా నుంచి ఢిల్లీకి మారుతుంది, 1905 నాటి బెంగాల్ విభజన రద్దవుతుంది. విభజన వ్యతిరేక ఉద్యమానికి తలొగ్గామని ఒప్పుకోకుండా, అదంతా రాజుగారు కరుణించి ఇచ్చిన వరమనిపించడానికే ఆ వేదిక అక్కరకు వచ్చిందని నా అభిప్రాయం.

అయితే ఆ దర్బారులో పెద్ద దుమారం లేపినవారు బరోడా మహారాజు మూడవ శాయాజీరావు. సంస్థానాధీశులు చక్రవర్తికి నమస్కరించి, వెన్ను చూపకుండా వెనక్కి నడవాలి. (తిరుమల గర్భగుడి గడప అయిన కులశేఖరపడి ముందు 'జరగండి, జరగండి' అని తొందరపెడుతున్నా స్వామి మీద నుంచి చూపు తిప్పకుండా మనం వెనక్కి అడుగులు వేస్తామే, అలాగన్నమాట; కాకపోతే అక్కడ మనల్ని అలా నడిపించేది ఉత్తర్వు కాదు.) ఆయన క్లుప్తంగా వంగి, వెనుదిరిగి నడిచి వెళ్లిపోయారు. ఆంగ్లేయుల పత్రికలు దాన్ని రాజద్రోహమన్నంతగా గోల చేయడంతో చివరకు సంజాయిషీ రాసుకోవలసి వచ్చింది.

ఎనభై ఆరేళ్లకు వంగవలసిన వంతు అటువైపు వచ్చింది. స్వాతంత్ర్య స్వర్ణోత్సవాల సందర్భంగా వచ్చిన రెండవ ఎలిజబెత్ రాణి 1997 అక్టోబరు 14న జలియన్‌వాలా బాగ్ స్మారకం దగ్గర పుష్పగుచ్ఛం ఉంచి, తల వంచి మౌనంగా నిలబడ్డారు. ముందురోజు ఢిల్లీ విందులో ఆ దురంతాన్ని ప్రస్తావించి, చరిత్రను తిరగరాయలేమని కూడా అన్నారు. క్షమాపణ మాత్రం అడగలేదు. మొండితనం రాణిదేనని చాలామంది అనుకున్నారు గానీ, బ్రిటన్ రాజ్యాంగ సంప్రదాయంలో రాజు గానీ రాణి గానీ ఇలాంటి పర్యటనకు వెళ్లేదీ, అక్కడ మాట్లాడేదీ మంత్రుల సలహా మేరకే. వంచిన తల ఆమెది కావచ్చు, దాటకూడని గీత గీసింది ప్రభుత్వం. ఆ దురంతానికి నూరేళ్లు నిండిన 2019లోనూ ప్రధాని థెరెసా మే పార్లమెంటులో తీవ్ర విచారం వ్యక్తం చేసి, అక్కడితో ఆగిపోయారు.