సైకిలూ స్క్వాటూ: పది వారాల లెక్క

సైకిల్ కొనేనాటికి నేను స్క్వాట్‌లో, అంటే భుజాల మీద బరువుతో తీసే గుంజీల్లో, 100 కిలోలతో ఐదు రెప్స్ (వరసగా ఐదుసార్లు) కొట్టేవాణ్ణి. ఒంటి బరువు 74. రోజూ తొక్కితే తొడలు గట్టిపడి స్క్వాట్ దానంతటదే పెరుగుతుందని అప్పటి నా ఊహ. టేపుతో తొడ కొలిచి మరీ రాసి పెట్టుకున్నాను: 58 సెంటీమీటర్లు.

తొక్కేది హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ ట్రాక్ మీద. నార్సింగి నుంచి కొల్లూరు దాకా పోయి వస్తే 29 కిలోమీటర్లు. పైన సోలార్ పలకల నీడ, లారీల భయం లేదు. గంటంబావు పడుతుంది.

మొదటి రెండు వారాలు బాగానే నడిచింది. వారానికి నాలుగు రోజులు తొక్కడం, రెండు రోజులు స్క్వాట్.

మూడో వారం బుధవారం పొద్దున ఉత్త టీ తాగి 29 తొక్కాను. సాయంత్రం జిమ్‌లో అదే 100 కిలోలు. రెండో రెప్‌కే మోకాళ్లు లోపలికి వాలుతున్నాయి. మూడోది సగం లేచి ఆగిపోయింది. బార్ నెమ్మదిగా దిగి సేఫ్టీ రాడ్ల మీద టంగుమని కూర్చుంది. జిమ్ అంతా తిరిగి చూసింది. నేను షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగాను.

విచిత్రం ఏంటంటే కాళ్లు నొప్పి లేవు. సైకిల్ మీద పెడల్‌ని కిందికి నొక్కడమే తప్ప, స్క్వాట్‌లో లాగా బరువు మోస్తూ నెమ్మదిగా దిగే పని ఉండదు. అందుకే మర్నాడు పెద్దగా పట్టేయవు. నొప్పి లేదు కాబట్టి కాళ్లు తాజాగా ఉన్నాయనుకున్నాను, అక్కడే మోసపోయాను. కండరంలో నిల్వ ఉండే చక్కెర ఇంధనం, గ్లైకోజెన్, పొద్దున్నే బాగా ఖర్చయిపోయింది, దాన్ని నింపేంత తిండీ తినలేదు.

నాలుగో వారం మోకాలి చిప్ప ముందు సన్నటి నొప్పి. జిమ్‌లో ఒక అన్న నా సైకిల్ చూడగానే అన్నాడు: "సీటు ఇంత కిందికి పెట్టుకున్నావేంది తమ్ముడూ, పిల్లల సైకిలా?" మడమ పెడల్ మీద పెట్టి అడుగుకి నొక్కితే కాలు నిటారుగా రావాలట. రెండు వేళ్లంత పైకెత్తి, మళ్లీ జారితే తెలిసేలా రాడ్డుకి నల్ల టేపు చుట్టాను. పది రోజుల్లో నొప్పి పోయింది.

బరువులూ ఓర్పు సాధనా కలిపితే బలం తగ్గుతుందన్న మాటకి మూలం 1980లో హిక్సన్ అనే పరిశోధకుడు చేసిన ప్రయోగం. అందులో రెండూ కలిపి చేసినవాళ్లు వారానికి ఐదు రోజులు బరువులు ఎత్తి, ఆరు రోజులు సైకిలూ పరుగూ చేశారు. ఏడెనిమిది వారాల దాకా బలం పెరిగి, ఆ తర్వాత తగ్గింది. నాకు ఆఫీసు ఉంది, అంత పని నేనెక్కడ చేశాను? నా తంటా అంతా వేళలదీ తిండిదీ.

ఐదో వారం నుంచి స్క్వాట్ మంగళ, శుక్రవారాల్లో. ఆ రోజుల్లో సైకిల్ ముట్టను. బుధవారం 12 కిలోమీటర్లు తేలిగ్గా, పెద్ద రైడ్ ఆదివారం. బరువు గేర్లు మానేశాను. పదిహేను సెకన్లలో కుడి మోకాలు 22 సార్లు పైకొస్తే నిమిషానికి 88. ఆ లెక్కన గంటంబావులో ఒక్కో కాలు 6,600 సార్లు నొక్కుతుంది, ఒక్కోసారీ తేలిగ్గానే. స్క్వాట్‌లో ఐదే సార్లు, ప్రాణం మీదకొచ్చేలా. ఈ రెండూ ఒకే పని అనుకోవడం నా తెలివితక్కువతనం. బయల్దేరే ముందు రెండు అరటిపండ్లు, వచ్చాక నాలుగు ఇడ్లీలు, మూడు గుడ్లు.

పదో వారం 105 కిలోలతో ఐదు వచ్చాయి, చివరిది పళ్లు కొరుక్కుంటూ. తొడ అదే 58, బరువు 72.5. ఆ ఐదు కిలోలు సైకిల్ పెంచిందని అనను. అది లేకపోయినా పెరిగేదేమో. సైకిల్ పుణ్యమని కచ్చితంగా చెప్పగలిగింది ఆయాసం తగ్గడం. సెట్టుకీ సెట్టుకీ మధ్య నాలుగు నిమిషాలు కూలబడేవాణ్ణి, ఇప్పుడు రెండున్నర చాలు. డెడ్‌లిఫ్ట్‌కి (నేల మీది బార్‌ని వంగి ఎత్తి నిలబడడం) మాత్రం ఆదివారం రైడ్ పడట్లేదు, వంగి తొక్కి నడుము బిగుసుకుంటోంది. డెడ్‌లిఫ్ట్‌ని సోమవారం నుంచి గురువారానికి జరిపాను.

వచ్చే మంగళవారం 107.5. అటొకటి ఇటొకటి 1.25 ప్లేట్లు కావాలి, జిమ్‌లో ఉన్నది ఒక్కటే. రెండోది మూడు రోజులుగా వెతుకుతున్నాను.